పదింటికి లేచే గీత

ఇబ్రహీంపట్నంలో మా మేడ మీది గదే నా ఆఫీసు. ఒక పాల కంపెనీ డేటాబేస్ క్లౌడ్‌లో ఉంటుంది. అది మందగించకుండా కనిపెట్టుకుని ఉండటం మా ముగ్గురి పని. కొన్నాళ్లుగా రోజూ పొద్దున పదింటికి దాని మీది భారాన్ని చూపే గీత నిట్టనిలువుగా లేస్తోంది. మా ముగ్గురిలో తుర్కయాంజాల్‌లో ఇంటినుంచి పనిచేసే అక్క ఏదో పెద్ద రిపోర్టు తీస్తోందని నా అనుమానం. ఒళ్లు మండి ఫోన్ చేశాను.

"నేనెందుకు తీస్త? పెద్ద అంబర్‌పేట్ అన్ననడుగు. నాకైతే నీ మీదనే డౌటున్నది," అంది.

మాలో మూడోవాడైన ఆ అన్నకు మా ఇద్దరి మీదా అనుమానమట. చివరికి ముగ్గురం ఒకరికొకరం స్క్రీన్లు చూపించుకున్నాం. గీతను లేపేదెవరో పట్టుకోవాలని, డేటాబేస్‌లో ఎవరేం చేస్తున్నారో క్షణక్షణం అడిగే చిన్న ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, ఒకటి ఎవరికి వాళ్లం రాసుకుని, పదింటికల్లా నడిపిస్తున్నాం. ఆ భారమంతా వాటిదే. ముగ్గురికీ ఒకటే లాగిన్. సొంత స్క్రిప్టు అడ్డం రాకూడదని ఆ లాగిన్‌తో జరిగే పనులేవీ జాబితాలో కనబడకుండా చేసుకున్నాం. దాంతో మిగతా ఇద్దరివీ కనబడలేదు. ఈ స్క్రిప్టులు లేని మొట్టమొదటి రోజు గీత ఎందుకు లేచిందో మాత్రం తేలలేదు.

"ఇగ ముగ్గురం బంద్ చేద్దాం," అన్నాడు అన్న. అక్కా నేనూ సరేనన్నాం.

మర్నాడు పదింటికి, వాళ్లు మాట మీద నిలబడ్డారో లేదో చూద్దామని నా స్క్రిప్టు నడిపాను. గీత ఎప్పటంత ఎత్తుకే లేచింది. నా ఒక్కడి స్క్రిప్టుకు అది అంత ఎత్తు లేవదు.