గుణించని చాయ్

ఉప్పల్‌ల బస్సెక్కి సీటు దొరకంగనే నోట్‌బుక్ తీసిన. మస్కట్‌ల నర్సు ఉద్యోగానికి వారంల జవాబు చెప్పాలె. ఒక దిక్కు ఇక్కడి ఖర్చులు, ఇంకో దిక్కు అక్కడివి రాసి, ప్రతి రియాల్‌ను రూపాయలకు మార్చుకుంట కూసున్న. బస్సు ఖర్చుకు ఇక్కడ సున్న పెట్టిన, ఆడోళ్లకు టికెట్ ఫ్రీ కదా. కొట్టేసుడు, మళ్ల రాసుడు. ఒక గడియ పోవాలనిపిస్తది, ఇంకో గడియ వద్దనిపిస్తది.

పక్క సీట్ల ఒక పెద్దామె నా నోట్‌బుక్‌నే చూస్తున్నది.

"మస్కటా చెల్లె? నేను తొమ్మిదేండ్లు ఆడ ఒకరింట్ల వంట చేసిన."

"ఖర్చు మస్తుంటదా అక్కా?"

"గిట్ల గుణిస్తే మస్తే ఉంటది. నేను చాయ్‌ని గూడ గుణించిన. రెండేండ్లు బయట చాయే తాగలె."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఈడ తాగితే, ఆడైతే ఎంతయితుండె అని భాగిస్త."

ఆమె నవ్వలె. రూపాయల వరుస మీద అరచెయ్యి పెట్టి, నాచారం వచ్చేదాకా తియ్యలె. అక్కడనే దిగిపోయింది.

ఇప్పుడు మస్కట్‌లనే ఉన్న. ఉల్లిగడ్డల నుంచి చెప్పుల దాకా అన్నీ గుణిస్తనే ఉంట. డ్యూటీ దిగినంక చాయ్ ఒక్కటి మాత్రం ఎంతని చూడకుండ తాగుత.