కొంగ సంతకం

మా బావది సెలూన్. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, కాచుకునే వాళ్లకి ఒక బెంచీ. వేరే సెలూన్‌లో అయితే కుర్చీలో కూర్చోగానే మన మొహం మనకి కనిపిస్తుంది. మా బావ దగ్గర మాత్రం ముందు కొంగ కనిపించి, ఆ తర్వాతే మనం కనిపిస్తాం. అద్దాలకి ఎదురుగా ఉన్న వెనకగోడ మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా కొంగ పోస్టరే మరి.

కొంగ అంటే పక్షి కాదు, సముద్రం అవతలి దేశపు ఫైటింగు సినిమాల హీరో. అసలు పేరు పలకబోతే మాకెవరికీ నోరు తిరగదు. ఆఖరి ఫైటింగుకి ముందు ఒంటికాలి మీద నిలబడి చేతులు రెక్కల్లా చాపుతాడు కాబట్టి మా వీధివాళ్లు కొంగ అన్నారు. డబ్బింగులో అతని పెదాలు ఒక దారిన పోతే మాటలు ఒక దారిన పోయేవి. మా బావకి అదేం పట్టేది కాదు. వచ్చిన ప్రతి సినిమా చూశాడు, చూసినదాన్నే మళ్లీ చూశాడు. ఇంట్లో ట్రంకు పెట్టె నిండా టికెట్ ముక్కలు, హాలు బయట పెట్టే ఫోటో కార్డులు, కొంగ బొమ్మ ఉన్న అగ్గిపెట్టెలు. మనసు బాగున్న రోజు ఒంటికాలి మీద నిలబడే కత్తి నూరేవాడు. కుర్చీలో ఉన్నవాడికి గుండెలు గొంతులోకొచ్చేవి.

కొత్త సినిమా రాగానే హాలువాళ్ల దగ్గర పోస్టరు సంపాదించి గోడకి అంటించేవాడు. మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, బకెట్ నిండా జిగురు తయారు చేసేవాడు. పాత పోస్టరు తియ్యడు. దాని మీదే కొత్తది. "పాతది చింపి అంటించొచ్చు కదండీ" అని మా అక్క అంటే, "కొంగని చింపమంటావా?" అని విస్తుపోయేవాడు. నేను తాపీ మేస్త్రిని. గోడకి ఎవరేం అంటించినా నాకు ఒళ్లు మంట. ఆ గోడ చూసినప్పుడల్లా అదే మాట అనేవాణ్ణి, ఆయన వినేవాడు కాదు. ఏళ్లు గడిచేసరికి ఆ కాగితాలన్నీ కలిసి చెక్కలా గట్టిపడ్డాయి.

అన్నిటికంటే అడుగున ఉన్న పోస్టరు సంగతి వేరు. మా బావకి పెళ్లయిన కొత్తలో, సినిమా ప్రచారం కోసం కొంగ మా ఊరు వచ్చాడట. ఆ రోజు హోటల్లో ఉండే బార్బరుకి జ్వరం వచ్చిందట. దగ్గర్లో ఎవరున్నారని వెతికితే మా బావ దొరికాడట. వెళ్లి కొంగకి జుట్టు కత్తిరించాడట. కొంగ అద్దంలో చూసుకుని మురిసిపోయి, తన పోస్టరు మీద కాళ్ల దగ్గర తెల్లగా ఉన్నచోట ఇంకు పెన్నుతో రెండు వరసలు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడట. 'నా తల ఎవరి చేతిలో పెట్టానో ఆ చేతికి' అని దానర్థమని పక్కనున్న దుబాసీ చెప్పాడట. ఈ 'ట'లన్నీ మా వీధివి. మా బావ చెప్పేటప్పుడు ఒక్క 'ట' కూడా ఉండేది కాదు.

పోస్టరు గోడకెక్కింది, అందరూ వచ్చి చూశారు. చూసి ఏం లాభం, ఆ లిపి ఎవరికీ రాదు. కోడి కెలికినట్టున్న రెండు వరసలు చూసి, "నువ్వే గీసుకున్నావు" అన్నారు. పోనీ ఒక్క వెంట్రుకైనా దాచుకోలేదా అని అడిగారు. "కస్టమర్ జుట్టు దాచుకోవడమేంటి, అసహ్యంగా" అన్నాడు. ఫోటో ఏదని అడిగారు. "పని మీద వెళ్లినవాణ్ణి, పక్కన నిలబడతానని అడుగుతానా?" అన్నాడు. జవాబులన్నీ పద్ధతిగానే ఉన్నాయి, అందుకే ఇంకా నమ్మలేదు. ఈయన కత్తెరతో కోసేదానికంటే నోటితో కోసేదే ఎక్కువ అని పేరు పడిపోయింది.

కొన్నాళ్లకి కొంగ తర్వాతి సినిమా వచ్చింది. సంతకం ఉన్న పోస్టరు మీద కూడా కొత్తది అంటించబోతుంటే అక్క అడ్డం పడింది. "కొత్త సినిమా ఆడుతుంటే పాత పోస్టరు చూపిస్తే ఆయన సినిమాకే దెబ్బ. సంతకం ఎక్కడికి పోతుంది, గోడలో భద్రంగా ఉంటుంది" అన్నాడు బావ. అంటించేశాడు. వీధి మొత్తంలో ఆయన మాట నమ్మింది మా అక్క ఒక్కతే. ఆ రోజు హోటల్‌కి తీసుకెళ్లడానికి, కత్తిరించేటప్పుడు ఒంటికి కప్పే తెల్లబట్ట ఇస్త్రీ చేసి ఇచ్చింది తనే. ఎవరు ఎగతాళి చేసినా, "ఆయన వెళ్లారు" అని మాత్రం అనేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనేది కాదు. నేనా? నేను నవ్వేవాళ్లలో ముందు వరసలో ఉండేవాణ్ణి.

ఈ ఏడాది ఆ షాపుల వరస మొత్తం అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు కూలగొట్టి మేడ కడతామన్నారు. మా బావకి పక్కవీధిలోనే వేరే షాపు దొరికింది కాబట్టి కూటికి లోటేం రాలేదు. కుర్చీలూ అద్దాలూ ఒక్క పూటలో తరలించేశాం. గోడని ఎలా తరలిస్తాం?

అప్పుడే కొత్త షాపులో డ్రిల్లు మాస్టారు తన ఫోను మహిమ చూపించాడు. ఉద్యోగం నుంచి రిటైరైనా రోజూ నున్నగా గడ్డం గీయించుకునే మనిషి, మా బావని ఏడిపించడంలో మొదటివాడు. ఏదో విదేశీ మందు డబ్బా మీదున్న రాత మీద ఫోను పెడితే, అది గడగడా మన భాషలో చదివేసింది. మా బావ కత్తి పక్కన పెట్టాడు.

"ఏ దేశం రాతైనా చదువుతుందా మాస్టారూ?"

"చదువుతుంది. నీ గోడలోంచి తీసి చూపించు, చదివి పెడతాను."

"అందరి ముందూనా?"

"అందరి ముందే" అన్నాడు మాస్టారు, బెంచీ మీద వాళ్లకి కన్ను కొడుతూ.

ఆ సాయంత్రమే మా బావ నా పని దగ్గరికి వచ్చాడు. నేను ఇసుక జల్లిస్తుంటే ఎదురుగా నిలబడి, "ఒరేయ్ బామ్మర్దీ, ఆ గోడ పగలకుండా పోస్టర్ల మందం మొత్తం తీయగలవా?" అన్నాడు. వెళ్లి గోడ తట్టి చూశాను. పాత సున్నపు గోడ, లోపల చెమ్మ, ఎక్కడ తట్టినా బోలుగా మోగింది. ఉలి పెడితే గచ్చూ కాగితం కలిసి పిండిపిండిగా రాలిపోతాయి.

"నా వల్ల కాదు బావా."

"మేస్త్రివి కదరా."

"మేస్త్రినే. మంత్రగాణ్ణి కాదు."

అంత విసురుగా అని ఉండకూడదు. కానీ చేతకాని చోట నాకు నోరే ముందు లేస్తుంది. ఆయన గోడని అరచేత్తో నిమిరాడు, గడ్డం గీసేముందు చెంప నిమిరినట్టే. "అయితే నాకు వచ్చిన పని నేను చేస్తాను" అన్నాడు.

ఆయనకి వచ్చిన పని వేడి తువ్వాలు. గడ్డం గట్టిగా ఉన్నవాళ్లకి వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మొహానికి కప్పి మెత్తబరుస్తారే, అది. మర్నాటికి పాత షాపులో ఏమీ మిగల్లేదు, గోడా, ఒక స్టవ్వూ తప్ప. అక్క నీళ్లు కాచి తెస్తోంది. నేను తువ్వాళ్లు పిండి అందిస్తున్నాను. ఆయన ఒక్కొక్కటీ గోడకి అదిమిపట్టి, అంచు మెత్తబడగానే కత్తి మొనతో లేపి, ఒక్కో పొరా ఊడదీస్తున్నాడు. వరస చివర షాపుని కూల్చడం అప్పటికే మొదలైంది. అక్కడ గునపం పడ్డప్పుడల్లా మా నెత్తిన సున్నం రాలుతోంది.

పొర తీసేకొద్దీ కొంగ వయసు తగ్గుతూ వచ్చింది. ముందు విగ్గు పెట్టుకుని, కూర్చుని ఫైటింగు చేసే ముసలి కొంగ పోయాడు. తర్వాత మంచుకొండ సినిమా, తర్వాత ఇద్దరు కొంగల సినిమా. ఒక్కొక్కటీ నేల మీద పరుస్తూ మా బావ కథ చెప్పబోయేవాడు, నేను "తర్వాత చెబుదువు గానీ" అని తువ్వాలు చేతిలో పెట్టేవాణ్ణి. అక్కకి మాత్రం సినిమాలు గుర్తులేవు. "ఇది మన పెద్దమ్మాయికి పళ్లు వచ్చినప్పటిది" అంది ఒకదాన్ని చూసి. "ఇది మీ నాన్న పోయినప్పటిది. నెల దాకా సినిమాకి వెళ్లలేదు మీరు." ఆయన తలూపాడు.

మధ్యాహ్నం దాటాక అడుగు పోస్టరు బయటపడింది. పాతికేళ్ల కొంగ, ఒంటికాలి మీద, చేతులు చాపి, రంగు కూడా పెద్దగా చెడలేదు. మా బావ మొహం వెలిగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని, కాళ్ల దగ్గర తెల్లభాగం మీద మిగిలిన ఆఖరి పొరని ఊపిరి బిగబట్టి లేపాడు.

కింద రాత లేదు. అరచెయ్యంత మేర నీలంగా మబ్బులాంటి మరక ఉంది. ఒక గీత లేదు, వంపు లేదు, చుక్క లేదు.

"ఇంకో పొర ఉంది" అన్నాడు బావ. తువ్వాలు కోసం చెయ్యి చాచాడు, ఇచ్చాను. అదిమి పట్టి, తీసి, కత్తి మొన పెట్టాడు. కాగితం లేచింది. వెనక సున్నం కనిపించింది. కత్తి పెట్టి సున్నాన్ని కూడా కొంచెం గీకాడు.

"గోడ వచ్చేసింది బావా."

ఆయన వినలేదు. నాకు అప్పుడు వెలిగింది. ఇంకు పెన్ను రాత మీద బకెట్‌తో తడి జిగురు పూస్తే ఏం మిగులుతుంది? రెండో పోస్టరు అంటించిన రోజునే అది కరిగిపోయింది. ఆయన చేతులతోనే. భద్రంగా ఉందనుకుంటూ ఇన్నేళ్లూ ఉత్త కాగితానికి కాపలా కాశాడు. ఆ మాట ఆయనతో ఎలా అనను? "ఇది ఇంకే బావా. నీలంగా ఉంది చూడు, సంతకం ఉన్నట్టే కదా" అన్నాను.

"తుత్తం కూడా నీలమేరా" అన్నాడు మెల్లగా. "అటు చూడు. ఇటు చూడు." నిజమే. గోడ మీద అక్కడా ఇక్కడా అలాంటి మరకలే ఉన్నాయి. ఏది ఇంకో, ఏది తుత్తమో ఏ ఫోనూ చదవలేదు.

అబద్ధం చెప్పినవాడు లేని పొర కోసం రెండోసారి తువ్వాలు అడగడు, సున్నం గీకడు. ఇన్నేళ్లూ ఈ మనిషి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ సంగతి నాకు తెలిసేసరికి చూపించడానికి ఏమీ లేకుండా పోయింది.

గుమ్మంలో మాస్టారి గొంతు వినిపించింది. "ఏమయ్యా, బయటపడ్డాడా మీవాడు?" వెనక బెంచీ బ్యాచ్ అంతా ఉంది. మాస్టారు ఫోను చేత్తో పట్టుకునే వచ్చాడు. అందరూ లోపలికి వచ్చి, నేల మీద పరిచిన కొంగల్ని తొక్కకుండా పక్కపక్కనే నిలబడ్డారు. నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. ఈలోపే మా బావ లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"లేదు మాస్టారూ. ఎలా ఉంటుంది? ఆయన నన్ను పిలవలేదు, నేను వెళ్లలేదు. ఊరికే అన్నాను."

మాస్టారు పెద్దగా నవ్వి మా బావ భుజం మీద చెయ్యి వేశాడు. "మాకు తెలుసులేవయ్యా. అలాగని నీ దగ్గరికి రావడం మానేశామా?" మిగతావాళ్లూ నవ్వారు. చెడ్డవాళ్లు కారు, ప్రేమగానే నవ్వారు. ఒకడు టీ చెబుతానన్నాడు. ఇంకొకడు, "ఒప్పుకున్నాడు చూడు, అదీ మగతనం" అన్నాడు. ఇన్నేళ్లు నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు, ఈ ఒక్క అబద్ధాన్ని ఒక్కడూ అనుమానించలేదు. నేను అడ్డం వెళ్లి, "అబద్ధం, మా బావ వెళ్లాడు, కత్తిరించాడు" అన్నాను. "బావమరిదికి బాగానే నేర్పించాడు" అని ఇంకా నవ్వారు. మా బావ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నన్ను చూసి ఇక చాలన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

వాళ్లు వెళ్లిపోయాక చూస్తే, స్టవ్వు దగ్గర అక్క నీళ్ల గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. గిన్నె దింపడం కూడా మరిచిపోయింది.

"వెళ్లలేదా మీరు?" అంది.

"వెళ్లాను" అన్నాడు బావ. "కత్తిరించాను. చూపించడానికేం లేదు కదా. అలా అనేస్తే ఇక వదిలేస్తారని అన్నాను."

"ఆ బట్ట నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను."

"నువ్వే ఇచ్చావు. వెళ్లానే, నిజంగా వెళ్లాను."

అక్క ఆయన మొహంలోకి చూసి, గిన్నె కింద పెట్టింది. "సరేలెండి" అంది. కోపం లేదు, ఎగతాళి లేదు. భుజం మీద చెయ్యేసి మాస్టారు అన్న మాటకీ ఈ 'సరేలెండి'కీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. మా బావకి తెలిసినట్టుంది. ఉన్నచోటే గోడకి ఆనుకుని కూలబడిపోయాడు.

"నిజమే అక్కా. నేను నమ్ముతున్నాను" అన్నాను.

"నువ్వెప్పుడు నమ్మావురా?" అంది అక్క.

అక్క వంగి, నేల మీది తడి తువ్వాళ్లన్నీ ఏరి బకెట్‌లో వేసుకుంది. "ఆరేయాలి" అని ఎవరితోనో అన్నట్టు అని వెళ్లిపోయింది.