పదికి పది

నది ఒడ్డున నలభై ఏళ్లు కాపురం చేసిన ఆవిడకు వీధిలోవాళ్లు పెట్టిన పేరు మైకమ్మ. అవతలి ఒడ్డు వాళ్లతో కూడా ఇక్కడ నుంచే కబుర్లు చెప్పేది మరి. నీళ్లు నల్లగా, కంపు కొడుతూ ఉండేవి. పొద్దున్నే గిన్నెలు తోముతూ ఆ నదిని తిట్టిపోసేది, వీధంతా వంత పాడేది.

మైకమ్మ కూతురిది ఇంటింటికీ తిరిగి సర్వేలు చేసే ఉద్యోగం. నదిని బాగుచేస్తామంటూ మొదటి సర్వే పెట్టినప్పుడు సొంత వీధే ఆమె వంతుకు వచ్చింది. తల్లి తటపటాయిస్తే, "ఉన్నదున్నట్టు చెప్పమ్మా, మనకే మంచిది" అంది. తల్లి చెప్పింది. వానొస్తే గదిలో మోకాళ్లదాకా నీళ్లు, గోడలకు చెమ్మ, ఎడతెగని జ్వరాలు. అందరూ అదే చెప్పారు. ఆరు నెలలకు కాగితం వచ్చింది, ఆ ఇళ్లు మనుషులు ఉండటానికి పనికిరావని. కూల్చేసి, తల్లీకూతుళ్లను ఊరి చివర ఏడో అంతస్తులో పడేశారు.

నది మాత్రం బాగుపడింది, కాదనకూడదు. నీళ్లలో చేపలు కనిపిస్తున్నాయి. ఒడ్డున బెంచీలు, చెట్ల నీడ. అక్కడ కొత్తగా ఇళ్లు కొన్నవాళ్లకు రక్తపోటు తగ్గిందట, ఒళ్లు తెలియని నిద్ర పడుతోందట. రెండో సర్వేలో ఆ మాటలన్నీ రాసుకొచ్చింది ఈ కూతురే. ఒకరి సుఖం చూసి ఏడవకూడదు గానీ, రాస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? ఏడో అంతస్తులో మైకమ్మ మూగబోయింది. తలుపు తీస్తే ఎదురుగా మూసిన తలుపు. లిఫ్టు సగం రోజులు పనిచేయదు. పాత వీధివాళ్లను చీటీలు తీసి నాలుగు భవనాల్లోకి చెల్లాచెదురు చేశారు. ఆవిడ రెండు ముద్దలు తిని కంచం తోసేస్తోంది, చిక్కి సగమైంది. డాక్టరు రోగమేమీ లేదన్నాడు. ఇలాగే ఉంటే ఎక్కువ రోజులు బతకదని కూడా అన్నాడు.

అందుకే ఆ సర్వే తమ భవనాలకూ వస్తుందనగానే కూతురికి ప్రాణం లేచొచ్చింది. తరలించినవాళ్లు బాగా లేరని తేలితే, పాత ఒడ్డునే వాళ్లకు ఇళ్లు కడతారు. ప్రతి ప్రశ్నకూ మార్కు వేయాలి: ఒకటి అంటే అస్సలు బాగోలేదు, పది అంటే అంతా బాగుంది. చెప్పింది చెప్పినట్టే రాయాలి. పక్కన సూపర్‌వైజరు కూర్చునే ఉన్నాడు.

"అమ్మా, నిద్ర పడుతోందా?"

"బ్రహ్మాండంగా. పది వెయ్యి."

"ఆకలి?"

"పది."

"ఇరుగుపొరుగు?"

తల్లి ఎదురింటి తలుపు వైపు చూసింది. "పదే."

కూతురు పెన్ను కింద పెట్టేసింది. "నీకు దణ్ణం పెడతానే అమ్మా, నిజం చెప్పు. చెబితే మళ్లీ మన ఒడ్డుకే వెళ్లిపోతాం."

"పోయినసారి నువ్వు చెప్పమన్నావనే చెప్పాను కదా," అంది తల్లి గొంతు తగ్గించి. "కొంప పోయింది. ఇక పోవడానికి ఈ గదొక్కటే ఉంది."

"పెద్దావిడ చెప్పింది రాసేయండి మేడమ్, ఇంకా చాలా ఇళ్లున్నాయి," అన్నాడు సూపర్‌వైజరు.

రాసింది. నాలుగు భవనాల్లోనూ ప్రతి తలుపు దగ్గరా అదే పది. ఒకాయన పదకొండు వేయొచ్చా అని కూడా అడిగాడు. నది వల్ల అందరికంటే ఎక్కువ సుఖపడింది తరలించినవాళ్లేనని నివేదిక తేల్చింది. ఒడ్డున ఇళ్ల మాట అటకెక్కింది.

ఆ సంగతి తెలిసిన రోజు కూతురు కాళ్లీడ్చుకుంటూ ఏడంతస్తులూ ఎక్కి వచ్చింది.

"ఏమంటున్నారే ఆఫీసులో? మళ్లీ ఎక్కడికీ పంపరు కదా?" అని తల్లి ఆత్రంగా అడిగింది.

"పంపరమ్మా. ఇక ఎప్పటికీ పంపరు."

"హమ్మయ్య," అని మైకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.