కొసరుగా రావలసిన కళ్లద్దాలు

రాయచూరు జిల్లాలో ఏ పర్చేజ్ ఆఫీసరూ కొనలేనంత చౌకగా నేనొక బాయిలరు తెచ్చాను. తెచ్చానంటే కొన్నానని కాదు, కొసరుగా లాక్కొచ్చాను. బెల్లం కొని చిటికెడు కొసరు తెచ్చుకోవడం మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా వచ్చు. రెండు టన్నుల ఇనుము కొసరుగా తెచ్చినవాణ్ణి మాత్రం మా వంశంలో నేనొక్కణ్ణే. నేను రిటైరైన రోజు సన్మాన సభలో ఈ సంగతి చెప్పి చప్పట్లు కొట్టారు. ఆ బాయిలరు వల్ల ఏం జరిగిందో అక్కడ ఎవరూ ఎత్తలేదు. నేను కూడా దండ వేయించుకుని కూర్చున్నాను.

కరోనా తగ్గి హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది, జూన్ నెలలో, రాయచూరులో ఒక ట్రస్టు నడిపే నర్సింగు కాలేజీకి నన్ను పర్చేజ్ ఆఫీసరుగా వేశారు. అంతకు ముందు అదే ట్రస్టు ఆస్పత్రిలో స్టోర్సు సూపరింటెండెంటుగా ఉండేవాణ్ణి. హోదా ప్రిన్సిపాలుకు ఒక మెట్టు కింద. సరుకు అమ్మేవాళ్ల దృష్టిలో మాత్రం రెండు మెట్లు పైన. హాస్టల్లో రెండు వందల నలభై మంది అమ్మాయిలు ఉండేవారు. చేరిన వారానికే ప్రిన్సిపాలు నా బల్ల మీద ఒక ఫైలు పెట్టించారు. విషయం: చలికాలంలో స్నానాలకు వేడినీళ్లు.

రాయచూరు మనిషికి డబ్బు పెట్టి వేడి కొనమంటే నవ్వొస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు డాబా మీది ట్యాంకు నీళ్లే చెయ్యి కాలుస్తాయి. కానీ కార్తీకం నుంచి శివరాత్రి దాకా, తెల్లవారి ఆరింటికి వార్డు డ్యూటీకి పోవలసిన పిల్లలకు చన్నీళ్లంటే కష్టమే. పాత కరెంటు గీజర్లు రెండేళ్లు మూతబడి ఉండి తుప్పు పట్టాయి. వాటి స్థానంలో ఏం పెట్టాలో నేను తేల్చాలి.

ఇలాంటి చోట మా వృత్తిలో చేసే మొదటి పని తులనా పట్టిక. అంటే మూడు కొటేషన్లు తెప్పించి, పక్కపక్కన గీతలు గీసి, కమిటీ ముందు పెట్టడం. చిక్కేమిటంటే గ్యాసును ఘనపు మీటర్లలో, సిలిండరును కిలోల్లో, కరెంటును యూనిట్లలో అమ్ముతారు. ఈ మూడింటినీ ఒకే త్రాసులో తూచలేం. దుకాణం బుద్ధి గనుక నేను అన్నింటినీ బకెట్లలోకి మార్చాను. ఒక బకెట్టు నీళ్లు కాగడానికి ఎంత? కరెంటుకు నాలుగున్నర, సిలిండరుకు ఐదు దాకా, ఊళ్లోకి కొత్తగా వస్తున్న పైపు గ్యాసుకు నాలుగు. కమిటీ పైపు గ్యాసు వైపే మొగ్గింది. అప్పుడు నాలుగో గడి నేను గీశాను. వరి ఊక: రూపాయి పావలా.

పట్టికలో చివరి గడిని షరా అంటారు. ధరలో పట్టని మాట ఏదైనా ఉంటే అక్కడ రాయాలి. ఊకకు ఎదురుగా షరా గడిలో నేను “లేవు” అని రాశాను.

ఊక కోసం సింధనూరు దగ్గరి ఒక క్యాంపుకు వెళ్లాను. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ల ఊళ్లను మా జిల్లాలో క్యాంపులంటారు. అక్కడ వీర్రాజు గారికి ఉప్పుడు బియ్యం మిల్లుంది. గంటన్నర బేరం జరిగింది. ఆయన చెప్పిన ధరలో మూడో వంతు తగ్గించాక, లేవబోతూ మళ్లీ కూర్చున్నాను.

“ఇంకేం కావాలండీ? చొక్కా విప్పి ఇమ్మంటారా?” అన్నారాయన.

“కొసరు” అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి, పెరట్లో పాత షెడ్డు వైపు చెయ్యి చూపించారు. అక్కడ ఊకతో నీళ్లు కాచే పాత బాయిలరు ఒకటి పడి ఉంది. “కొత్తది పెట్టాక దీన్ని తుక్కుకి వేద్దామనుకున్నానండి. లారీ మీరు పెట్టుకోండి, తీసుకెళ్లండి. ఇంతకన్నా కొసరిచ్చినోడు ఉంటే నాకు చూపించండి.”

మా నాన్నకు రాయచూరు గంజిలో, అంటే ధాన్యం బజారులో, కిరాణా కొట్టుండేది. కొసరడగనోడు గిరాకీ కాదు, హమాలీ అనేవాడు. ఆ రోజు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వస్తూ, నాన్న బతికి ఉంటే బాగుండేదనుకున్నాను.

బాయిలరును హాస్టలు వెనక గోడ కట్టి నిలబెట్టాం. ఆవిరి ఒత్తిడితో పని లేదు, ఉత్త నీళ్లు కాచే తొట్టి గనుక సర్టిఫికెట్టున్న మనిషి అక్కర్లేదని నోట్ రాసి, ఊడ్చే పనిలో ఉన్న నర్సమ్మను దాని ముందు పెట్టాను. ఇడపనూరు నుంచి వచ్చిన మనిషి. నలభై దాటిన వయసు, మాటకు ముందే నవ్వు. నెలకు పదిహేను వందలు ఎక్కువిస్తామంటే సంతోషంగా ఒప్పుకుంది. పని సులువే. గంపతో ఊక ఎత్తి పొయ్యి నోట్లో పోయాలి, ఇనుప పారతో బూడిద లాగాలి.

మా మెయింటెనెన్సు ఇంజినీరు బసవరాజు బాయిలరు చుట్టూ రెండుసార్లు తిరిగి నా గదికి వచ్చాడు. కన్నడ మనిషి, తెలుగు తనకు తోచినట్టు మాట్లాడతాడు. “సార్, ఊక చీప్. బూది చీప్ కాదు. మిల్లులో అయితే మూతేసిన గొట్టంలో ఊక పోతాది. ఇక్కడ నర్సమ్మ మొకం ముందరే పోతాది. కళ్లద్దాలు బేకే బేకు, ఉండి తీరాల.” ఆ మధ్యాహ్నమే ఇండెంటు కూడా పంపాడు. ఇండెంటంటే ఫలానా వస్తువు కొనిపెట్టమని రాతపూర్వకంగా అడగడం. పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు, రెండు జతలు. తీన్ కందిల్ కూడలి దగ్గర హార్డ్‌వేరు కొట్లో జత నూట ముప్పై.

ఆ ఇండెంటు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. దాని మీద ఎర్ర సిరాతో రాసింది నేనే: “సరఫరాదారు నుంచి ఉచితంగా పొందవలెను.” నూట ముప్పై పెట్టలేక కాదు. ఇంత ఊక కొంటున్న మనిషి రెండు జతల అద్దాలు కొనుక్కోవడమేమిటన్న పౌరుషం. వీర్రాజు గారికి ఫోన్ చేస్తే, “అద్దాలేగా, వచ్చే లోడుతో పంపిస్తానండి” అన్నారు.

వచ్చే లోడు వచ్చింది, అద్దాలు రాలేదు. ఆ తర్వాతి లోడుకు డ్రైవరు మర్చిపోయానన్నాడు. నర్సమ్మ నా గది గుమ్మంలో నిలబడింది.

“సారూ, ఊక ఎగిరి కండ్లల్ల పడ్తుంది. అద్దాలు తెప్పిస్తనన్నరు, ఏడున్నయి?”

“మిల్లోళ్లు పంపిస్తున్నరు నర్సమ్మా, రెండు దినాలాగు” అన్నాను.

“గా మిల్లు సింధనూరు కాడుందా, కాశీల ఉందా సారూ?”

గుమాస్తాలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం తీన్ కందిల్ మీదుగానే ఇంటికి వెళ్లాను. హార్డ్‌వేరు కొట్టు తెరిచే ఉంది. కొంటే వీర్రాజు గారు గెలిచినట్టవుతుందని, బండి ఆపలేదు.

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతుండగా నర్సమ్మ కుడి కంటికి కొంగు అడ్డం పెట్టుకుని కనిపించింది. ఏమైందని అడిగాను.

“పొట్టు పడింది సారూ. మా గల్లీల ముసలామె నాలిక కొసతోని తీసింది. మెడికల్ షాపుల చుక్కలిచ్చిండు, ఎరుపు తగ్గింది.”

“సరే, వాడు” అన్నాను. ముందు ఆస్పత్రి, వెనక నర్సింగు కాలేజీ ఉన్న ఆవరణలో ఆమెకు నేనిచ్చిన వైద్య సలహా అంతే.

తొమ్మిదో రోజున మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె వేడినీళ్లకు వచ్చి, నర్సమ్మ కొంగు తీసి చూసి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ ఉందని చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు నాకు ఫోన్లో ఓపికగానే చెప్పారు. ఊక పొట్టు గీసుకుంటే కంట్లో బూజు జాతి క్రిమి చేరుతుందట. ఎరుపు తగ్గించే ఆ చుక్కలు పైకి నయం చేసినట్టు కనిపిస్తూ, లోపల దానికి మేత వేస్తాయట. రెండు నెలలు మందులు వేశారు. కుడి కన్ను వెలుగు, చీకటి మాత్రమే తెలుసుకుంటుందని చివరికి కాగితం మీద రాసిచ్చారు.

ఆమె ఆస్పత్రిలో ఉండగానే అద్దాలు వచ్చాయి. డ్రైవరు పొట్లం నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. వెనకే వీర్రాజు గారి ఫోన్. ఆయనకు ఇక్కడి సంగతేమీ తెలియదు.

“రెండు జతలడిగారు, మూడు పంపానండి. మూడోది కొసరు. ఇప్పుడు సంతోషమేనా?”

“సంతోషమేనండి” అన్నాను. అలవాటు అంత చెడ్డది.

మార్చిలో కమిటీ కూర్చుని పైపు గ్యాసుకు తీర్మానం చేసింది. ఎవరూ నన్నొక మాట అనలేదు. ఫైలు నడిపింది నేనే. గ్యాసు పద్ధతిలో మీట తిప్పితే మంట వస్తుంది, ఊక ఎత్తే మనిషి అక్కర్లేదు. కాబట్టి “సదరు పని రద్దు” అన్న వాక్యం కూడా నా చేతి రాతే. నర్సమ్మను ఊడ్చే పనికి తిరిగి పెట్టుకోమంటే, అప్పటికే ఇంకొకరిని తీసుకున్నామని పనివాళ్లను పంపే కాంట్రాక్టరు అన్నాడు. నేను గట్టిగా అడగలేదు. ఊక ధర మీద గంటన్నర బేరమాడిన నోరు అక్కడ రెండు నిమిషాలు కూడా ఆడలేదు.

పరిహారం మాట్లాడటానికి నర్సమ్మ, ఆమె అన్న వచ్చారు. అన్న లక్ష అడిగాడు. ట్రస్టు నాకు పరిమితేమీ పెట్టలేదు, న్యాయంగా తేల్చమంది. నేను చట్టం చెప్పాను, కాంట్రాక్టు కూలి అని చెప్పాను, మెడికల్ షాపు చుక్కల తప్పు చెప్పాను. లక్షను నలభై వేలకు దించాను. అన్న తల వంచుకుని వేలిముద్ర వేశాడు. ఆ క్షణంలో నాలో ఒక మూల, దుకాణం మూల, ఇంకో ఐదు తగ్గేదేమో అని లెక్కేసింది.

నర్సమ్మ సంతకం చేయడం నేర్చుకున్న మనిషి. కాగితాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని, మెల్లగా పేరు రాసి, తలెత్తింది.

“అందరి కాడ కొసరడుగుతవు గద సారూ. నాకేం కొసరిస్తవు?”

అన్న “ఊకోవే” అని కసిరాడు. నేను టీ తెప్పించాను. ఆమె తాగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఊక చెడ్డ ఇంధనం కాదు. పొడుగు గొట్టం, మూతేసిన దారి ఉన్న మిల్లుల్లో అది చక్కగానే మండుతుంది. ఏ ఇంధనం ఎంచుకున్నా, మంటకు ఎదురుగా ఎవరు నిలబడతారో ముందు చూసి షరా గడిలో రాయాలి. ఒంటిని కాపాడే వస్తువును బేరంలోకి తేకూడదు. ఇండెంటు వచ్చిన రోజే కొనాలి.

ఇక లెక్క. పైపు గ్యాసుకన్నా బకెట్టుకు రెండు ముప్పావు చొప్పున, రోజుకు మనిషికో బకెట్టు లెక్కన, డెబ్బై రోజులకు మిగిలింది నలభై ఆరు వేల రెండు వందలు. అందులోంచి నర్సమ్మకు రెండున్నర నెలలు ఎక్కువిచ్చిన జీతం మూడు వేల ఏడు వందల యాభై. లారీకి, గోడకు పదకొండు వేలు. పరిహారం నలభై వేలు. వెరసి నష్టం ఎనిమిది వేల ఐదు వందల యాభై. కొనకుండా మిగిల్చిన కళ్లద్దాలు రెండు జతలు, రెండు వందల అరవై. కొసరుగా వచ్చినది, ఒక జత. పోయినది, ఒక కన్ను, నర్సమ్మది.