సగం ఇల్లు, మూడు కాళ్లు

రోడ్డు వెడల్పయింది, మా ఇల్లు సన్నబడింది. సాలూరు లారీలకు దారి కావాలి, కాదనను. దానికి మా ముందుగదే దొరికింది. ఇప్పుడు మా ఇంటికి ముందు లేదు, వెనకే ఉంది. నీలం గోడ, దేవుడి గూడు, నా పెళ్లి ఫొటో వేలాడిన మేకు, అన్నీ వీధిపాలయ్యాయి. లుంగీ మార్చుకోవాలన్నా వంటింట్లోకి పోవాలి. మరిచిపోతే లారీవాళ్లు హారన్ కొట్టి గుర్తుచేసేవారు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒక ఫొటో కళాకారుడు దిగాడు. నల్లచొక్కా, తెల్లగడ్డం. తీసేవీ నలుపు తెలుపు ఫొటోలే. కూలిన గోడలు, తుప్పు పట్టిన మిల్లులు, తుఫానుకు ఒరిగిన జీడితోటలు. ఎక్కడ ఎవరి కొంప మునిగినా ఈయన కెమెరాతో తేలతాడు. ఆ ఫొటోలను పట్నంలో ఏసీ హాళ్లలో వేలాడదీస్తారట. కూలని గోడలకు.

“ఈ శిథిలంలో ఒక మౌనం ఉంది సార్,” అన్నాడు. వెనక రెండు లారీలు చెవులు చిల్లులు పడేలా తిట్టుకుంటున్నాయి. అయినా తలూపాను. మా ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్లూ సున్నం వేయించమన్నవాళ్లే గానీ మెచ్చుకున్నవాళ్లు లేరు మరి. ఇంటి కళ పోయిందని అత్త కళ్లొత్తుకుంటుంటే, అసలు కళ ఇప్పుడే వచ్చిందంటాడాయన.

అత్త అంటే మా మేనత్త, ఆ సగం ఇంటికి పూర్తి పెత్తనం ఆవిడదే. ఆవేళ ఆవిడకు ఒకటే ధ్యాస, గడప. సాయంత్రం అమ్మవారి పండగ, తలకెత్తిన ఘటాలు వీధిలోకి వస్తాయి. గడప గడపకూ ఆగుతాయి. ఘటం ఎత్తుకున్నవాళ్ల కాళ్ల మీద ఆడవాళ్లు పసుపునీళ్లు పోస్తారు. గడప లేనిది పాడుబడ్డ ఇంటి కింద లెక్క. దాని ముందు ఘటం ఆగదు. అందుకే మిగిలిన గోడకు కొత్త గడప నిలపమని తాపీమేస్త్రిని పిలిపించింది.

మేస్త్రి వచ్చాడు. ఇంటి ముందు మూడుకాళ్ల స్టాండు, దాని మీద ఏదో యంత్రం, ఒక కన్ను మూసి చూస్తున్న మనిషి. సైకిల్ దిగకుండానే వెనక్కి తిప్పేశాడు. సందు చివర పట్టుకున్నాను.

“మళ్లీ కొలతలు తీస్తన్నారు కదా బాబూ! రేపు కొట్టీసే గోడకి ఇయాల గడపేటి?”

“కొలతలు కాదయ్యా, ఫొటోలు.”

“పడిపోయిన ఇంటికి ఫొటో ఏటి? కిందటిసారీ ఆ మూడుకాళ్లదే వచ్చింది, మీ ముందుగది పోనాది. ముందు దాన్ని తీయించండి, అప్పుడొస్తాను.”

ఆ మాట కళాకారుడికి నాకు చేతనైనంత మర్యాదగా చెప్పాను. అంటే, ఆయనకు అర్థం కాలేదు.

“వెలుగు కాస్త తగ్గాలి సార్. సాయంత్రం దాకా ఇలాగే వదిలేయండి. గడప పెడితే మనుషులున్నట్టు కనిపిస్తుంది.”

“ఉన్నామండీ,” అన్నాను, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

“ఉండండి, ఫ్రేములో వద్దు.” దండెం మీద నా బనీను కూడా తీసేయమన్నాడు. తీసేశాను.

అత్త చూసింది. “ఒరే, ఆయనేటంటన్నాడు?”

“మనం లేనట్టుంటే ఫొటో బాగుంటుందట అత్తా.”

“అంటే సచ్చిపోనామనేట్రా?” అంటూ వచ్చి కెమెరా తెరలోకి తొంగి చూసింది. “నా నీలం గోడేది? బూడిద పూసీసినాడేటి?”

“అదే ఆర్టమ్మా,” అన్నాడాయన.

“నీకు ఇల్లున్నాదా బాబూ?”

“ఉందమ్మా.”

“గడప?”

“ఉంది.”

“అయితే అది ఊడదీసి, దాని ఫొటో తీసుకో.”

కెమెరాతో సహా స్టాండును పసిపిల్లను ఎత్తినట్టు చంకకెత్తి రోడ్డు అవతల దింపింది. “లెన్సు, లెన్సు” అంటూ మౌనప్రియుడు వెంటపడ్డాడు. ఈసారి లారీవాడు న్యాయంగానే హారన్ కొట్టాడు.

సందు చివర నుంచి ఇదంతా చూస్తున్న మేస్త్రి అప్పుడు కదిలాడు. గడప నిలిపాడు. సిమెంటు ఆరకముందే అత్త దానికి పసుపు పూసి బొట్లు పెట్టింది. నేను బనీను మళ్లీ ఆరేశాను. ఇంట్లో మనుషులున్నారనడానికి నా వంతు సాక్ష్యం.

డప్పులు మలుపు తిరిగాయి. ఘటం ఎత్తుకున్నామె మా సగం ఇంటి వైపు అనుమానంగా చూసింది. తర్వాత గడపను చూసి ఆగింది.

“రంగులెక్కువైపోయాయి,” అంటూ రోడ్డు అవతల ఆయన మూడు కాళ్లూ మడిచాడు.

అత్త బిందెతో పసుపునీళ్లు పోసింది. అవి ఘటం ఎత్తుకున్నామె పాదాలు తడిపి, మా ముందుగది ఉండే చోటు మీదుగా రోడ్డు దాకా పారాయి.