ఓడ మీద ముద్ర

మావారు సముద్రం మీద చేపల వేటకెళ్ళారంటే, తిరిగొచ్చేదాకా మా అత్తగారు ఇంట్లో ఒక్క గిన్నె బోర్లించనివ్వరు. బోర్లించిన గిన్నె ఆవిడకు బోల్తాపడ్డ పడవలా కనిపిస్తుందట. పోస్టాఫీసు ఉద్యోగం వెలగబెడుతున్నదాన్ని కదా, నాకు అదంతా వేళాకోళంగా ఉండేది.

ఆ గర్వం ఒక స్టాంపు దగ్గర దిగిపోయింది. పాతకాలపు ఓడరేవు బొమ్మతో కొత్త స్టాంపు విడుదలైన రోజది. బొమ్మ మధ్యలో తెరచాప ఎత్తిన ఓడ. మావారూ, మరిదీ చెరో బోటులో వెళ్ళారు. ముందురోజే మా ఉప్పాడ చేరాల్సినవాళ్ళు చేరలేదు. ఇద్దరి ఫోన్లూ పలకడంలేదు. సముద్రం బాగాలేదని పొద్దున్నే టీవీలో చెప్పారు.

పిఠాపురం నుంచి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. స్టాంపులు సేకరిస్తారట. ఒకటి కొని, కవరుకి అంటించి నా ముందు పెట్టారు.

"ముద్ర సరిగ్గా ఓడ మీద పడాలమ్మా. విడుదలైన రోజు తేదీ ఉంటేనే దీనికి విలువ."

రోజూ చేసే పనే. ఆవేళ చెయ్యి లేవలేదు. ఆ ఓడ మీద నల్లటి ముద్ర నేనెలా కొట్టను?

"మూలకి కొడతానండి."

"మూలకెందుకమ్మా? తేదీ సగమే పడుతుంది!"

"మావారి బోటు ఇంకా రాలేదండి!" అని కసిరేశాను. కసిరాక ఏడుపొచ్చింది.

అంతలో ఫోన్ మోగింది. మావారే.

"ఎక్కడ చచ్చారు ఇంతసేపూ!" అనేసి నాలిక్కరుచుకున్నాను.

"ఇంజిను ఆగిపోయిందే. వేరే బోటోళ్ళు కాకినాడకి లాక్కొచ్చారు. తమ్ముడు ఇంటికొచ్చాడా?"

"లేదు."

"అదేంటి? వాడు మాకంటే ముందే బయల్దేరాడే!"

ఇంటి దగ్గర తోటికోడలు ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుని ఉంటుంది.

మా మరిది బోటు ఇంకా రాలేదని మాస్టారికి చెప్పాను. ఆయన కవరు వెనక్కి తీసుకుని, "కౌంటర్ మూసేదాకా టైముందిగా, చూద్దాం" అంటూ బెంచీ మీద కూర్చున్నారు. మూసేవేళకీ కబురు రాలేదు. ఆయన ముద్రలేని కవరు సంచిలో పెట్టుకుని, కబురు తెలిస్తే చెప్పమని ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దెక్కాక మరిది ఒడ్డుకి చేరాడు. ఇంట్లో ఏడుపులూ నవ్వులూ అయ్యాక మాస్టారికి ఫోన్ చేశాను.

"వచ్చాడండీ" అన్నాను.

ఎవరని ఆయన అడగలేదు.