సారపప్పు డబ్బాల మొర్రిపండ్లు

భూపాలపల్లి అడవిల ఎలుగుబంటి నోటికాడి పండ్లు గుంజుకొచ్చిన మనిషిని నేను. నమ్మకుంటే మీ ఇష్టం. వైశాఖం ఎండ. మొర్రిచెట్టుకు ఈ దిక్కు నేను, ఆ దిక్కు అది. దాని రొమ్ము మీద తెల్లమచ్చ సుత కనబడ్డది. అది గుర్రుమన్నది. నేను అంతకన్న గట్టిగ గుర్రుమన్న. ఆఖరుకు అదే ఎన్కకు జరిగింది, నేను కొమ్మ వంచి పండ్లు తెంపుకున్న. ఏండ్లకేండ్లు చెప్పుకుంట వస్తున్న ముచ్చట ఇది. మొదట్ల ఎలుగుబంటి ఒక్కటే ఉండె. నడుమల దానికి రెండు పిల్లలు కూడ పుట్టినయి.

మొర్రిపండు తెల్వనోళ్లకు జర చెప్పాలె. చెట్టేమో మొసలి వీపు తీరు బెరడు, మొరటు ఆకు. పండు మాత్రం రేగ్గాయంత కూడ ఉండది, నల్లగ, తీపిల పులుపు. కండ తక్కువ, గింజ గట్టి. ఆ గింజను నానబెట్టి, రుద్ది, ఎండబోసి, విసుర్రాయిల మెల్లగ తిప్పి పగలగొడితే లోపల చిన్న పలుకు దొరుకుతది. అదే సారపప్పు. పరమాన్నంల, మిఠాయిల్ల ఏస్తరు చూడు, అది.

మా నాయిన జనగామ పక్క తరిగొప్పుల దిక్కునుంచి మానుకోటకు వచ్చి దుకాణం పెట్టిండు. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తరు గని మాకు మానుకోటనే. రైలు ఉన్నది, మిర్చి యాపారం ఉన్నది, బతుకు నడుస్తదని వచ్చిండు. దుకాణంల గల్లాపెట్టె ఎన్క పెద్ద ఇత్తడి డబ్బా ఉండేది, మూత బిగిస్తే చీమ కూడ దూరది. అండ్ల సారపప్పు. చిన్నప్పటిసంది ఆ డబ్బా తుడిచిన చేతులు నావి. ఆ పప్పు ఏ చెట్టుకు కాస్తదో, ఆ చెట్టుకు పండు ఉంటదో లేదో, ఎన్నడు సోంచాయించలే.

నా పెండ్లి అరవై తొమ్మిదిల అయింది. తెలంగాణ కావాలని ఊరూరు లేచిన ఏడు. కాలేజీలు బంద్, బస్సులు ఎప్పుడు నడుస్తయో ఎప్పుడు ఆగుతయో ఎవనికి తెల్వది. ఆ ఉద్యమంల జైలుకు పోయిన అని కూడ నేను చెప్పుకుంట. పోలీసు స్టేషన్ ముందు నుంచి పోయిన, గంతే. లాఠీ చూసి ఉరికితే ఒక చెప్పు జారిపోయింది. చదువు ఆగిపోయింది, నాయిన దుకాణంల కూసోబెట్టిండు, ఆ ఎండకాలమే లగ్గం చేసిండు. పిల్లది భూపాలపల్లి అవతల అడవి అంచు ఊరు. అక్కడ అప్పటికి బొగ్గుబాయిలు రాలే. వాళ్ల నాయినకు చిన్న దుకాణం. ఉప్పు, మిరపకాయ ఇచ్చి అడవోళ్ల దగ్గర ఇప్పపువ్వు, తేనె, మొర్రిగింజలు తీసుకునేటోడు.

కాపురానికి వచ్చిన కొత్తల, మధ్యాహ్నం దుకాణంల ఎవరు లేనప్పుడు ఆమె లోపలికి వచ్చి ఆ ఇత్తడి డబ్బా మూత తీసి వాసన చూసింది.

"గిది ఏందో ఎర్కేనా?" అన్నది.

"సారపప్పు. ఒకటో నంబరు మాలు."

"దీని పండు తిన్నవా ఎన్నడన్న?"

"దీనికి పండు ఉంటదా?"

నవ్వింది. నిట్టాడు గుంజ పట్టుకొని నవ్వింది. "గింజ అమ్ముకొని బతుకుతున్నరు, పండు మొఖం తెల్వదు మీకు!" అని మళ్ల నవ్వింది.

ఆ తర్వాత ఏ పని చేసుకుంటున్నా అడవి ముచ్చట్లే. ఇప్పపువ్వు పొద్దు పొడువకముందే రాలుతదట. ముందురోజే చెట్టు కింద ఆకులు ఊడ్చి సాపు చేసి పెడ్తరట. పువ్వును వేయించి బెల్లం, నువ్వులు కలిపి దంచితే ముద్దలు. పాలపండ్లు ఎక్కువ తింటే పెదవులు అంటుకపోతయట. "నిన్ను ఒకసారి కడుపునిండ తినిపియ్యాలె, జర నోరు మూతపడుతది" అనేది. ఇంకో సంగతి. వాళ్ల ఇంట్ల ఎండకాలం ఆడబిడ్డ పుట్టింటికి వస్తే ముందు కాళ్లకు నీళ్లియ్యరు. బండి దింపుడుతోనే మొర్రిచెట్టు కాడికి తోల్కపోతరు. కింద కూసోని రాలినయి ఏరుకొని తిన్నంకనే ఇంట్లకు. ఎందుకట్ల అంటే, "చెట్టు ఇంటికి రాదు గద" అన్నది.

మూడేండ్లు గడిచినయి. చలికాలంల పట్టిన జ్వరం ఆమెను ఇడువలే. దగ్గు. చేతి గాజులు మోచేతి దాక ఎక్కుతున్నయి. మానుకోట దవాఖానకు తిప్పిన, మందులు తెచ్చిన. వండిపెట్టెటందుకు ఆమె చెల్లె వచ్చి ఉన్నది, పెండ్లీడు పిల్ల. చైత్రం పోంగ ఒకనాడు ఆమె నా చెయ్యి పట్టుకొని మొర్రిపండ్లు తినబుద్ధయితున్నదన్నది. డాక్టరేమో మంచం దిగొద్దన్నడు. ఇగ నేనే పోవాలె. పండ్లు తెచ్చి నోట్ల పెడితే మనిషి లేచి కూసుంటదని నా మనసుల గట్టిగ పడ్డది. పోయిన. కథ నేను ఇట్లనే చెప్త.

వరంగల్ దాక రైలు, అక్కడినుంచి పరకాల బస్సు, అటు భూపాలపల్లి. ఆఖరు దారి ఎడ్లబండి. గుమ్మంల నన్ను ఒక్కన్ని చూసి అత్త నిలబడిపోయింది. తలుపు చాటు నుంచి అడిగింది:

"బిడ్డ ఏది?"

"మందు నడుస్తున్నది. తిరుగొద్దట."

ఆమె పొయ్యి కాడికి పోయింది.

ఇగ ఎలుగుబంటి. తెల్లారి అత్త, ఇంకిద్దరు ఆడోళ్లు ముందు నడిచిన్రు, ఎన్క నేను, నెత్తికి తువ్వాల. దూరం పొదల్ల నల్లగ ఏదో కదిలింది. నేను ఆగిన. నా ముందున్న ముసలామె తిరిగి చూసి, "బర్రె, అల్లుడా. మా ఊరిదే" అన్నది. గంతే ఎలుగుబంటి. గుర్రుమనుడు లేదు, తెల్లమచ్చ లేదు. పండ్లన్ని ఆడోళ్లే ఏరిన్రు. నాకు కాల్ల ముల్లు ఇరిగితే తీసింది కూడ వాళ్లే.

ఇంకొకటి ఒప్పుకోవాలె. ఏరిననాడే బయలెల్లాల్సింది. వెళ్లలే. అల్లుడు వచ్చిండని మామ బూరెలు చేయించిండు, నెయ్యి పోయించిండు. ఒక్క పూట అనుకున్న, ఒక దినం అయింది. మానుకోటల మనిషి మంచంల ఉన్నది, నేను అరుగు మీద కూసోని వాళ్లూరోళ్లకు ఉద్యమంల జైలుకు పోయిన కథ చెప్తున్న.

తెల్లారి అత్త మళ్ల ఏరుకొచ్చిన పండ్లు మూటగట్టేటప్పుడు నా యాపారం తెలివి బయటికి తీసిన. వచ్చేటప్పుడే దుకాణంల ఇత్తడి డబ్బా ఖాళీ చేసి ఎంట తెచ్చుకున్న. అత్త తలుపు చాటునుంచే బతిమిలాడింది.

"మూత పెట్టకుండ్రి అల్లుడుగారు. మోదుగాకు పరిచి గంపల పెడ్త. అయినా మొర్రిపండు పొద్దుగూకేదాక ఆగది."

"మా జనగామ సీతాఫలం గంపలకెక్కి పట్నం దాక పోయి, పోయినంక మాగుతది" అన్న. "సరుకు ఎట్ల పంపాల్నో మాకు నేర్పుతరా?"

మూత గట్టిగ బిగించిన. బస్సు ఎండ, రైలు ఎండ. వరంగల్ స్టేషన్ల గంటలకు గంటలు కూసున్న. డబ్బా ఒళ్లో పెట్టుకుంటే కాలింది. తువ్వాల కింద ఏసుకొని మళ్ల ఒళ్లోనే పెట్టుకున్న.

ఇంటికి వచ్చి మంచం పక్కన మూత తీసిన. బుస్సుమన్నది. నురుగు. పుల్లటి వాసన అర్ర నిండ. నల్లటి నీళ్లల్ల గింజలు తేలుతున్నయి. మా అమ్మ తొంగిచూసి, "గింజ గట్టిగనే ఉన్నది తియ్యి, పప్పు ఖరాబు కాలే" అన్నది. మరదలు మొఖం పక్కకు తిప్పుకున్నది.

మంచంల ఉన్న ఆమె చెయ్యి చాపింది. డబ్బాల వేలు పెట్టి ఒక గింజ తీసి, చీరె కొంగుకు తుడిచి నోట్ల ఏసుకున్నది. చాలసేపు చప్పరించింది.

"చెట్టు కిందికి పోయినవా?"

"పోయిన."

"మా అమ్మ ఏమన్నది?"

అప్పుడు పుట్టింది ఆ ఎలుగుబంటి. మంచం కోడు కాడ కూసోని, ఈ దిక్కు నేను, ఆ దిక్కు అది అని మొదలుపెట్టిన. ఆమె కండ్లు పెద్దగయినయి.

"నువ్వు గుర్రుమన్నవా? ఏదీ, ఒకసారి అను."

అన్న. ఆమె నవ్వింది, దుకాణంల నిట్టాడు పట్టుకొని నవ్వినట్టే. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గినంక గోడదిక్కు తిరిగి పండుకున్నది. ఆ గింజ ఇంక దవడకే ఉన్నది.

ఆరోనాడు పోయింది.

డబ్బాల గింజలను మా అమ్మ కడిగి మిద్దె మీద ఎండబోసింది, తర్వాత పగులగొట్టించింది. దోసెడు పలుకులు. అవి మళ్ల ఆ డబ్బాల్నే పడ్డయి. ఎవరింటి పరమాన్నంల కలిసినయో నాకు తెల్వది. కాయిదం పొట్లాలు కట్టింది మాత్రం నేనే.

ఎనభైలల్ల జనగామల చుట్టాలింట్ల ఒక పెండ్లి. బంతిల కూసున్నోళ్లకు నేను ఎలుగుబంటి కథ చెప్తున్న. పిల్లలు కూడ పుట్టిన రకం కథ. అందరు నవ్వుతున్నరు. చివరికి వచ్చేటప్పటికి, పాపం మొర్రిపండ్లు తెమ్మని అడిగింది, తెచ్చిన గని దక్కలే అని నేను కండ్లు తుడుచుకున్న. పరమాన్నం వడ్డిస్తున్న మనిషి నా ఇస్తరి ముందట ఆగింది. మరదలే. అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి. గిన్నె కింద పెట్టింది.

ఆమె అన్నది విన్నంక కూడ నేను ఎలుగుబంటి కథ చెప్పుడు మానలే. ఆమె మాట మాత్రం ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పలే. ఇది:

"బావా, ఎలుగుబంట్లు నీ ఇష్టం, రెండు పెట్టుకో, పది పెట్టుకో. అక్క పండ్లు తెమ్మన్నదని మాత్రం చెప్పకు. అడవిల పుట్టిన మనిషి, మొర్రిపండు పొద్దుగూకేదాక ఆగదని ఆమెకు తెల్వదా? నన్ను అమ్మకాడికి తోల్కపో, చెట్టు కింద కూసుంట అన్నది. నేను పక్కనే ఉన్న. డాక్టరు ఏమనలే. వద్దన్నది మీ అమ్మ. నువ్వు ఎదురు చెప్పక డబ్బా పట్టుకొని ఒక్కనివే పోయినవు."